ఇంగ్లీషు రాజుల కళ్లు

మంచికే చేశావులే అని సమీయుల్లా ఇప్పటికీ అంటాడు. అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మంచికి చేసిన పనే ఇట్లా తగలడితే, చెడుకు చేసి ఉంటే ఇంకేమయ్యేదో?

నా పేరు రామసుబ్బయ్య. మాది కడప జిల్లా. మస్కట్ ఊళ్లో వాడి కబీర్‌లో పటాలకు ఫ్రేములు కట్టే వర్క్‌షాప్‌లో పదకొండేళ్లుగా వడ్రంగిని. నేను చెక్క కోస్తాను, మూలలు అతికిస్తాను, గాజు బిగిస్తాను. బొమ్మ వేసేది గణపతి. నిర్మల్ దగ్గర తాతల నుంచి బొమ్మలు వేసే నకాషీల ఇంట్లో పుట్టినవాడు. నలభై దాటింది, పెళ్లి చేసుకోలేదు. చిన్నప్పుడే అమ్మానాన్న పోతే అన్న పోచన్నే పెంచి, బ్రష్ పట్టడం నేర్పాడు. ఇక్కడికొచ్చిన ఆరేళ్లలో గణపతి వేసినవన్నీ దుకాణాల బోర్డులు, గోడల మీద ఖర్జూరపు చెట్లు. మొహాలు వేయమని ఎవరూ అడగలేదు.

మొన్న ఏప్రిల్‌లో మొహాలు వచ్చిపడ్డాయి. బౌషర్‌లో కొత్తగా కట్టిన ఒక హోటల్‌వాళ్లు, పాతకాలపు ఇంగ్లీషు రాజులవీ రాణులవీ పటాలకు నకళ్లు కావాలన్నారు. భోజనాల హాల్లో వరసగా తగిలిస్తారట. మొత్తం పద్నాలుగు. అన్నం తినేచోట ఆ మొహాలు చూసుకోవాలనే బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, మా యజమాని ఫహద్ మాత్రం ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఒక్కో పటానికి ఒక అచ్చు కాగితం, దాని వెనక ఆ రాజు కథ ఇంగ్లీషులో. మా ఫోర్‌మన్ సమీయుల్లా అది చదివి మాకు హిందీలో చెప్పేవాడు.

ఏం మనుషులండీ వాళ్లు! ఒకడు నడుం మీద చేతులు పెట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, ఇల్లు ఖాళీ చేయమనడానికి వచ్చినట్టు నిలబడ్డాడు. ఆరుగురు పెళ్లాలట, ఇద్దరి తలలు తీయించాడట. అతని కూతురొకతె, మొహానికి సున్నం కొట్టినంత తెలుపు, మెడ చుట్టూ విస్తరాకంత పట్టీ. పెళ్లే చేసుకోలేదట. ఇంకొకడు సన్నటి గడ్డంవాడు. వాడి జనమే వాడి తల నరికారట. పదిహేడుసార్లు కడుపు పండినా ఒక్క బిడ్డా దక్కని రాణి ఒకతె. మొగుడు పోయాక నలభై ఏళ్లు నల్లబట్టలు విప్పని రాణి ఇంకొకతె. ఇంత బంగారం ఒంటి మీద వేసుకుని వీళ్లు సుఖపడింది ఏమీ కనపడలేదు నాకు.

సాయంత్రం డ్యూటీ అయిపోగానే గణపతి రూమ్‌లో కూర్చుని అన్నకు ఫోన్ చేసేవాడు. పోచన్నకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలి. కిందటేడు సెలవులో గణపతి పరీక్షలు చేయించుకున్నాడు. అతని కిడ్నీ అన్నకు సరిపోతుందన్నారు. ఈ ఆగస్టులోపు వస్తే మార్చేద్దామని డాక్టరు చెప్పాడు. పాస్‌పోర్టు ఫహద్ బీరువాలో ఉంది. పటాలు పూర్తిచెయ్, మరునాడే పో అన్నాడు ఫహద్. చెడ్డవాడు కాదు. అందరి పాస్‌పోర్టులూ తన దగ్గరుంటేనే భద్రమని నమ్మే రకం, అంతే.

కాబట్టి గణపతికి ఆ పద్నాలుగు మొహాలూ అన్న ప్రాణానికి అడ్డంగా నిలబడ్డ పద్నాలుగు తలుపులు. ఒక్కొక్కటీ తోసుకుంటూ పోయాడు. ఆ రోజు ఏ రాజు మొహం వేశాడో అన్నకు చెప్పేవాడు. స్పీకర్లో పోచన్న గొంతు సన్నగా వినపడేది, కానీ అడిగే ప్రశ్నలు మాత్రం గట్టివే.

"ఎవలు రా వాడు? ఏం జేసిండు?"

"ఆరుగురిని జేసుకున్నడన్నా."

"ఆరుగురా! నాకు మీ వదినె ఒక్కతితోనే గిట్ల కిడ్నీలు పోయినయ్, వాడెట్ల బతికిండు రా?"

పక్కనుంచి సత్తవ్వ, అంటే ఆ వదిన, తిట్టే తిట్లు వినపడేవి. ముగ్గురూ నవ్వేవాళ్లు. మధ్యలో నేనూ నవ్వేవాణ్ని. పని మొత్తంలో సంతోషమంటూ ఉన్నది ఆ రెండున్నర నెలలే.

జులై మొదటికి మొహాలన్నీ అయ్యాయి. పట్టు, వెల్వెట్, ముత్యాలు అన్నీ అచ్చం పాత పటాల్లాగే దిగాయి. కళ్లు మాత్రం లేవు. కన్నుండాల్సిన చోట తెల్లటి ఖాళీ. గోడకు ఆనించిన పద్నాలుగు మందీ గుడ్డివాళ్లు. ఫహద్ వచ్చి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. సమీయుల్లా అయితే, "ఉస్తాద్, సబ్ అంధే?" అని నెత్తి పట్టుకున్నాడు.

గణపతి నింపాదిగా చెప్పాడు. వాళ్లింట్లో కళ్లు చివర్నే తెరుస్తారు. దేవుడి బొమ్మైనా సరే, బండి మీద వేసే పులి బొమ్మైనా సరే. తెరిచే ముందు నాలుగు రోజులు నీసు ముట్టరు, ఒంటిపూట తింటారు, పని తప్ప వేరే ధ్యాస పెట్టుకోరు. ఇంటిపెద్ద సరే అంటేనే తెరవాలి. ఇంట్లో చావు మైల ఉంటే పదకొండో రోజు దాటేదాకా బ్రష్ కన్ను దగ్గరికి పోకూడదు. మైలచేత్తో తెరిస్తే ఆ కన్ను చూడదట.

"ఇంగ్లీషోళ్ల రాజులకు యాడి మైలబ్బీ!" అన్నాను నేను.

"కన్ను ఎవలిదైతేంది సుబ్బన్నా, తెరిసేది నేను గదా," అన్నాడు.

ఫహద్ గడువు పెట్టేశాడు. బుధవారానికి కళ్లు, గురువారం చేతికి పాస్‌పోర్టు. గణపతి అంతకుముందు గురువారమే నియమం పట్టి ఫోన్ నా చేతికిచ్చాడు. నియమంలో ఉన్నప్పుడు అతను ఫోన్ ముట్టడు. ఆదివారం పొద్దున, "రేపు పొద్దుగాల అన్నకు జెయ్యి. తెరువొచ్చునా అని అడుగు. ఏమంటడో నాకొచ్చి చెప్పు," అన్నాడు. ఇద్దరికీ శుక్రవారం టికెట్లు దొరుకుతాయేమో చూడమని కూడా అన్నాడు. నన్నూ తోడు రమ్మన్నాడు మరి, ఆపరేషన్ అంటే లోపల భయం.

ఆ మధ్యాహ్నమే ఫోన్ మోగింది. నేను రంపం ఆపి బయటికి వచ్చాను. సత్తవ్వ.

"సుబ్బన్నా, మా మరిది ఏడున్నడు?"

పనిలో ఉన్నాడన్నాను.

"మీ అన్న పోయిండయ్యా," అంది. ఏడవడం కూడా లేదు, గొంతు ఎండిపోయి ఉంది. "పొద్దుగాల రక్తం మార్పియ్య తీస్కపోయినం. మంచం మీదనే పోయిండు. మరిది వచ్చేదాక ఐసు డబ్బల పెట్టమంటవా? ఎన్నొద్దులు ఆపాలె?"

జులై ఎండలో, రేకుల గోడ పక్కన నిలబడి నేను లెక్క వేశాను. ఎవరూ నన్ను వేయమనలేదు ఆ లెక్క. గణపతికి ఇప్పుడు చెప్తే మైల. మైల అంటే పదకొండు రోజులు కళ్లు తెరవడు, చంపినా తెరవడు. కళ్లు లేకపోతే ఫహద్ పాస్‌పోర్టు ఇవ్వడు. పోచన్నకు కొడుకు లేడు, రజిత ఒక్కతే కూతురు. దినాలు చేయాల్సింది తమ్ముడే. చెప్తే అన్న దినాలకు తమ్ముడు ఉండడు. చెప్పకపోతే బుధవారానికి కళ్లయిపోతాయి, గురువారం పాస్‌పోర్టు, శనివారానికల్లా ఊళ్లో ఉంటాడు. పదకొండో రోజు ఆ పై వారం బుధవారం. బోలెడు టైముంది. మా వైపూ వాళ్ల వైపూ ఒకటే మాట, దూరాన ఉన్నవాడికి మైల విన్నప్పటి నుంచే. వినకపోతే లేనట్టే. వాడు తప్పు చేసినట్టూ కాదు.

ఎంత తెలివైనవాణ్నో అనిపించింది ఆ క్షణంలో నాకు నేనే.

"ఆపొద్దమ్మా," అన్నాను. "కానిచ్చేయండి. దినాలకంతా మీ మరిదిని పంపిస్తా. మీరు ఇంగ ఈ ఫోనుకు చేయొద్దండి, నేనే చేస్తా."

"తమ్ముడు మొకం జూడకుంటనే పంపియ్యమంటున్నవా?" అంది. అవునన్నాను. ఆ అవును నాదే. ఆ రోజు సాయంత్రం రజితే తలకొరివి పెట్టింది.

మరునాడు పొద్దున గణపతి తలస్నానం చేసి, బ్రష్‌లు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఫోన్ పట్టుకుని బయటికి పోయి, రెండు నిమిషాలు ఉత్తినే నిలబడి లోపలికొచ్చాను.

"ఏమన్నడు?"

"సరే అన్నాడు. పద్నాలుగూ బాగా తెరవమన్నాడు."

గణపతి నా మొహంలోకి చూశాడు. "గంతేనా? ఇంకేమడుగలేదా?"

"లేదు. నీరసంగా ఉన్నాడు. ఆస్పత్రిలో ఉన్నారు గదా."

"మంచిది," అని బ్రష్ తీశాడు.

మూడు రోజులు అతను పనిచేయడం చూశాను. ఒక్కో కన్నుకీ ఊపిరి బిగబట్టేవాడు. సున్నపు మొహం రాణి అనుమానంగా చూసింది. లావు రాజు మమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేసేలా చూశాడు. తల పోగొట్టుకోబోయే రాజుకు అది ముందే తెలిసినట్టుంది. బిడ్డలు దక్కని రాణి కళ్లు తెరిచాక గణపతి లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు. రంగు కంట్లో పడిందన్నాడు. నేను నమ్మాను. ఆ మూడు రోజులూ నాకు నమ్మడమే హాయిగా ఉండింది.

బుధవారం సాయంత్రం హోటల్ బండి వచ్చి పద్నాలుగు మందినీ ఎక్కించుకుపోయింది. గురువారం పొద్దున పాస్‌పోర్టు కోసం ఆఫీసు గదికి పోతే బీరువాకు తాళం. ఫహద్ రాత్రే పిల్లల్ని తీసుకుని వానలు చూపించడానికి సలాలా వెళ్లాడు. తాళంచెవి అతని జేబులో వెళ్లింది.

మరిచిపోయాడు. కుట్ర లేదు, కసి లేదు, ఉత్త మతిమరుపు. నేను సమీయుల్లాకు నిజం చెప్పి ఫహద్‌కు ఫోన్ చేయించాను. అయ్యో, పాపం అన్నాడు ఫహద్, నిజంగానే బాధపడ్డాడు. "బుక్రా," అన్నాడు. రేపు వస్తానని. శుక్రవారం చేస్తే పిల్లాడికి జ్వరమన్నాడు, బుక్రా అన్నాడు. ఆదివారం బుక్రా. సోమవారం ఫోన్ ఎత్తలేదు. బీరువా పగలగొడదామా అన్నాను. సమీయుల్లా నా చేతిలోంచి ఉలి లాక్కున్నాడు. పోలీసు కేసైతే ఇద్దరూ జైల్లో ఉంటారు, అప్పుడు ఏ దినాలకు పోతారు అన్నాడు.

ఇన్నాళ్లూ గణపతి ఒక్క మాట అడగలేదు. పాస్‌పోర్టు ఏదీ అనలేదు. నియమం అయిపోయింది కదా, ఫోన్ తీసుకోమని ఇస్తే, "నీ తాననే ఉండనియ్," అన్నాడు. అప్పుడైనా నా మట్టిబుర్రకు వెలగలేదు.

బుధవారం వచ్చింది. పదకొండో రోజు. మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్నాం. అక్కడ రజిత ఒక్కతే పంతులు ముందు కూర్చుని ఉంటుంది.

"గణపతీ," అన్నాను. "నీకొక మాట చెప్పాల."

"చెప్పకు."

తల ఎత్తకుండానే అన్నాడు. పప్పు కలుపుతూనే ఉన్నాడు.

"అది కాదబ్బీ, మీ అన్న..."

"చెప్పకన్నా. కాళ్లు మొక్కుత." ఇప్పుడు చూశాడు నా వైపు. "అన్న పద్నాలుగింటికి ఒక్కపాలి సరే అనడు. ఎవలి కండ్లు తెరుస్తున్నవో పేరు చెప్పాలె. వాడెట్ల బతికిండు, ఎట్ల సచ్చిండు, అడుగుతడు. గప్పుడు ఒక్కొక్కలకు సరే అంటడు. చిన్నప్పటిసంది గంతే. నువ్వు వచ్చి పద్నాలుగుకు సరే అన్నడంటివి. నాకు ఆడనే సమజైంది."

నేను నా పళ్లెం పక్కకు నెట్టాను.

"సమజై గూడ తెరిసినవా?" అన్నాను. అతని యాసే వచ్చింది నా నోట్లోకి.

"నువ్వు చెప్పలే గదా. ఎవ్వలు చెప్పలే. చెవుల పడలే. పడకపోతే మైల లేదనుకున్న. దినాలకన్న అందుత అనుకున్న." చెయ్యి కడుక్కోకుండా అట్లాగే పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నాడు. "గా పిల్లలు దక్కని రాణికి తెరిసేటప్పుడు చెయ్యి వణికింది సుబ్బన్నా. నాకు బుద్ధి తెలిసినప్పటిసంది ఎన్నడు వణకలే."

నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. నేనేదో అతన్ని మోసం చేసి కాపాడుతున్నాననుకున్నాను. మోసపోయినట్టు నటించి నన్ను కాపాడింది అతనే. ఇద్దరం కలిసి చేసిందేమీ లేదు. అన్న కడచూపు పోయింది, కర్మా పోయింది.

"ఇప్పుడు చెప్తా, విను," అన్నాను. "విని ఏడువు. స్నానం చెయ్యి. ఇక్కడే ఏదో ఒకటి చేసుకుందాం."

"వద్దు. ఇంటే నాకు ఆనాడే సమజైంది నిజమైతది, మైలల కండ్లు తెరిసినోన్నైత. పద్నాలుగు జతలు. అన్న నేర్పిన చెయ్యితోని." మళ్లీ అన్నాడు, "నాకు రెండు కిడ్నీలున్నయ్. ఒకటి అన్నది. ఇంకా ఇయ్యలే నేను. గంతే నాకు ఎరుక."

శనివారం ఫహద్ వచ్చాడు. మొహంలో రక్తం లేదు. వస్తూనే బీరువా తీసి పాస్‌పోర్టు తెచ్చాడు, టికెట్ కూడా తానే తీసి తెచ్చాడు. గణపతి భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయాడు. పరామర్శించబోతున్నాడని నాకు తెలిసింది. ఉలి కింద పడేసి అడ్డం పోయాను. "సార్, కుఛ్ మత్ బోలో," అన్నాను. ఏమీ అనొద్దని యజమానితో చెప్పడం పదకొండేళ్లలో అదే మొదటిసారి. ఫహద్ తెల్లబోయి, పాస్‌పోర్టు మాత్రం ముందుకు చాపాడు.

గణపతి దాన్ని తీసుకున్నాడు. తెరిచి ఫొటో చూసుకున్నాడు. మూసి, ఫహద్ చేతిలోనే మళ్లీ పెట్టాడు.

"పోవా?" అన్నాను తెలుగులో.

"పోతే చెప్తరు గదా సుబ్బన్నా," అన్నాడు. "వాకిట్లనే చెప్తరు."

ఆగస్టు గడిచింది. సెప్టెంబరూ గడిచింది. సత్తవ్వ ఫోన్ చేస్తుంది, నేను ఎత్తుతాను. మరిదికి చెప్పినవా అని అడగడం మానేసింది. తిన్నడా అని మాత్రం అడుగుతుంది. తిన్నాడని చెప్తాను. గణపతి పక్కనే ఉండి గోడ వైపు తిరుగుతాడు. బొట్టులేని వదినను వీడియోలో చూడాల్సి వస్తుందని ఫోన్ ఉన్న వైపే కన్నెత్తడు.

హోటల్‌వాళ్లకు ఆ మొహాలు తెగ నచ్చాయట. కళ్లు మనల్నే చూస్తున్నట్టున్నాయని తినడానికొచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుంటున్నారట. ఇంకో ఎనిమిది కావాలన్నారు. అందులో మొదటిది పన్నెండేళ్ల రాజు. చిన్నాన్నే కోటలో పెట్టి తాను రాజయ్యాడట. ఆ పిల్లాడు తర్వాత ఎవరికీ కనపడలేదు. ఎప్పుడు పోయాడో, ఎట్లా పోయాడో కాగితంలో లేదు.

"సచ్చిండని ఎవ్వలు చెప్పలేదా?" అని అడిగాడు గణపతి.

లేదన్నాడు సమీయుల్లా.

మొహం పూర్తయింది. నాలుగు రోజులు నీసు ముట్టలేదు. ఐదో రోజు పొద్దున తలస్నానం చేసి, బ్రష్‌లు పేర్చుకుని కూర్చుని, "సుబ్బన్నా, అన్నకు ఫోన్ జెయ్," అన్నాడు.

వద్దు గణపతీ అనాలనుకున్నాను. అతని చూపు చూసి అనలేకపోయాను. ఫోన్ తీసుకుని బయటికి పోయి, రేకుల గోడ పక్కన, మోగని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. ఈసారి తొందరపడలేదు. లోపలికి వచ్చాను.

"ఎవరి మొహమని అడుగుతాండాడు."

"పిల్ల రాజని చెప్పు."

మళ్లీ బయటికి పోయాను. వచ్చాను. "ఎట్లా చచ్చిపోయినాడని అడుగుతాండాడు."

గణపతి బ్రష్ చివర నీళ్లలో ముంచి చాలాసేపు తిప్పాడు.

"ఎవ్వలు చెప్పలేదని చెప్పు," అన్నాడు.

పోయి, ఆ చచ్చిన ఫోన్లో గొంతెత్తి ఆ మాట చెప్పాను. తిరిగొచ్చి, సరే అన్నాడని చెప్పాను. గణపతి తల ఊపి, పిల్లాడి కుడికన్ను తెరవడానికి వంగాడు.